పచ్చ చొక్కా మనిషి

పెండిల్ హిల్, సిడ్నీ
14 నవంబరు 1999

ఒరేయ్ కేశవా,

ఇందుమూలముగా నడిమిపాలెం గ్రామ ప్రజలకూ, ముఖ్యముగా అచ్చటి ప్రాథమిక పాఠశాల రెండో మాస్టరు కేశవరావు గారికీ చాటించి తెలియజేయునది ఏమనగా: సిడ్నీ మహానగరమందు పెండిల్ హిల్ అను పేటలో చెత్తడబ్బా మంగళవారం పొద్దున్నే వీధిలో పెట్టవలెను. మూత పూర్తిగా పడవలెను. చక్రములు ఇంటివైపు ఉండవలెను. ఈ శాసనము తెలియక చక్రములు రోడ్డువైపు పెట్టిన మహబూబ్ పాషా అను నన్ను ఎదురింటి ముసలాయన చేతులు కట్టుకుని పావుగంటసేపు చూచెను. ఒక్క మాట అనలేదు. మన ఊళ్ళో అయితే ఈపాటికి రెండు కులాలు కొట్టుకునేవి. డాం డాం డాం.

తొమ్మిదో క్లాసు రెండుసార్లు చదివినవాడికి యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది, నవ్వకు. ఇక్కడ యూని అంటారు. హాళ్ళలో కుర్చీలు వెయ్యటం, మీటింగు అయ్యాక తియ్యటం, టీ డ్రమ్ము నింపటం. మన ఊళ్ళో మీటింగులకి నేను జనాన్ని వేసేవాణ్ణి, ఇక్కడ కుర్చీలు వేస్తున్నా. కుర్చీలే నయం. బిర్యానీ పొట్లం అడగవు, మధ్యలో లేచిపోవు.

మా ఫరహ్ మూడేళ్ళ కిందట పెట్టిన కాగితాల పుణ్యాన నేనూ జుబేదా ఇక్కడ పడ్డాం గానీ, అల్లుడు సాజిద్ మొహం చూసి నెలయింది. వాడు బ్యాంకు కంప్యూటర్లకి వైద్యం చేస్తున్నాడు. తొంభై తొమ్మిది తర్వాత రెండు సున్నాలు వస్తే అవి పందొమ్మిది వందల సంవత్సరం అనుకుంటాయట. మా ముత్తవ్వ చనిపోయేదాకా ఆ సంవత్సరంలోనే ఉంది, ఎవరూ వైద్యం చెయ్యలేదు.

చెల్లెమ్మ శ్యామసుందరికి సలాం చెప్పు. గోంగూర ఇక్కడా దొరుకుతుంది, పులుపు మాత్రం దారిలో ఎక్కడో దిగిపోయింది.

నీ
పాషా


నడిమిపాలెం, గుంటూరు జిల్లా
2 డిసెంబరు 1999

పాషాకు,

నీ ఉత్తరం శ్యామసుందరికి చదివి వినిపించాను. చెత్తడబ్బా దగ్గర నవ్వింది. చివరిదాకా విని, "సుబ్బు మాట ఎక్కడుంది?" అంది. నేనూ వెతికాను. లేదు.

మరచిపోయావేమో, మొదటినుంచీ రాస్తాను. ఆగస్టు ఇరవైతొమ్మిదిన హైస్కూలు మైదానంలో గొడుగు గుర్తువాళ్ళ మీటింగు. ఇరవయ్యేళ్ళుగా మన వైపు ఏ పార్టీ మీటింగైనా మొదటి కేక నీదే. నాయకుడు "మీ ఓటు ఎవరికి?" అని అడిగి నీళ్ళ గ్లాసు ఎత్తుతాడు. నువ్వు అరుస్తావు. జనం అందుకుంటారు. ఆ రోజు నీకు గొంతు పూడుకుపోయింది. మెడకి మఫ్లర్ చుట్టుకుని, సైగలు చేస్తూ వచ్చి, నీ బదులు అరవమని మా తమ్ముడు సుబ్బుని నువ్వే తీసుకెళ్ళావు. నాయకుడు గ్లాసు ఎత్తాడు. "గొడుగుకే" అనాల్సిన చోట ఎవరో "కుండకే" అని అరిచారు. ఎదుటి పార్టీ గుర్తు. అలవాటు కొద్దీ మూడువేల మంది "కుండకే" అన్నారు. ఆ పైన కర్రలు లేచాయి. తొక్కిసలాటలో గుంజ ఒరిగి, దానిమీద హారన్ సర్దుతున్న మైకుసెట్టు వాసుదేవరావు కిందపడి చచ్చిపోయాడు.

అందరూ పరిగెత్తారు. నువ్వూ పరిగెత్తావు, నిన్ను తప్పు పట్టను. సుబ్బు వాసుదేవరావు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దొరికింది వాడొక్కడే. అరవటానికి ఒప్పుకుని వచ్చినవాడూ వాడే కాబట్టి ఆ కేకా వాడిదేనని రాసుకున్నారు. మూడు నెలలుగా సబ్‌జైల్లో ఉన్నాడు. నువ్వు తొమ్మిదో రోజున విమానం ఎక్కావు.

మా నాన్న పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. నాకు పిల్లలు లేరు, వాడే ఉన్నాడు. కంప్యూటరు కోర్సు ముగించాడు. మీ సాజిద్ వాళ్ళ కంపెనీలో చోటు చూశాడు. మార్చి నెలాఖరుదాకా ఆ చోటు ఉంచుతామన్నారని ఉత్తరం కూడా వచ్చింది. కేసు ఉండగా పాస్‌పోర్టు ఇవ్వరు.

ఎవరు అరిచారురా అని సుబ్బుని అడిగితే "నాకు తెలీదన్నయ్యా" అంటాడు. తలెత్తడు. నువ్వు వాడి పక్కనే ఉన్నావు. నీ పక్కన ఎవరున్నారో రాయి.

కేశవరావు


పెండిల్ హిల్, సిడ్నీ
5 జనవరి 2000

కేశవా,

ప్రపంచం మునగలేదు. ఒకటో తారీఖు పొద్దున లేచి కుళాయి తిప్పాను, నీళ్ళొచ్చాయి. స్విచ్చి వేశాను, వెలిగింది. జుబేదాని కేకేశాను, తిట్టింది. అన్నీ సక్రమంగానే ఉన్నాయని రూఢి చేసుకున్నా.

సాజిద్ రెండు రోజులు ఆఫీసులోనే ఉండి వచ్చి సోఫాలో కూలబడ్డాడు. "నథింగ్ హాపెన్డ్ మామా" అన్నాడు. పెళ్ళి తప్పిపోయినవాడి మొహం పెట్టుకుని అన్నాడు. ఏమీ జరక్కుండా చూడటానికి రెండేళ్ళు చాకిరీ చేసినవాడికి, ఏమీ జరక్కపోతే దండ వేసేవాడు ఉండడు. పైగా "ఇక నువ్వెందుకయ్యా" అంటారు.

సుబ్బు సంగతి చదివాను. ఏం చెప్పనురా. గుంపులో కేక ఎవరిదని అడగటం, ఉడికే కుండలో మొదట పొంగిన మెతుకు ఏదని అడిగినట్టుంది. నాకు ఆ రోజు గొంతుతోపాటు చెవులూ దిబ్బడేశాయి. అయినా ఆలోచిస్తాను. వకీలు మంచివాడేనా? మన వకీళ్ళు కోర్టులో కంటే కాఫీ హోటల్లో బాగా వాదిస్తారు.

వచ్చే నెల మా యూనిలో పెద్ద సదస్సు. రాజకీయాల్లో మనిషి మనసు ఎట్లా పనిచేస్తుందో మాట్లాడుకోవటానికి దేశదేశాల ప్రొఫెసర్లు దిగుతున్నారు. మూడు రోజులు, రెండువందల పది కుర్చీలు. ఒక్క గొడుగు గుర్తు జెండా పాతితే ఏది ఎక్కడుందో నాకు సులువుగా తెలిసిపోయేది.

పాషా


నడిమిపాలెం
24 జనవరి 2000

పాషా,

కుండ, మెతుకు అని రాశావు. కోర్టులో మెతుకుల మాట చెల్లదు.

మార్చి పదమూడున కేసు పిలుస్తారు. నువ్వు చూసింది కాగితం మీద రాసి, అక్కడి మన కాన్సులేట్‌లో ముద్ర వేయించి పంపితే సాక్ష్యం కింద పనికొస్తుందని వకీలు అన్నాడు. ఊరంతటికీ నీకు గొంతు లేదని తెలుసు కాబట్టి నీమీద ఎవరికీ అనుమానం లేదనీ, నీ మాటకి బరువుంటుందనీ అన్నాడు.

మొన్న ములాఖత్‌లో సుబ్బు ఒక్కటే అడిగాడు: "పాషా అన్న ఉత్తరం రాస్తున్నాడా?" రాస్తున్నాడన్నాను. "ఏం రాస్తున్నాడు?" అన్నాడు. చెత్తడబ్బా సంగతి చెప్పాను. నవ్వాడు. వాడికి పైన పన్ను ఒకటి లేదు. అడిగితే జారిపడ్డానన్నాడు.

ఈసారి హాస్యం వద్దు.

కేశవరావు


పెండిల్ హిల్, సిడ్నీ
20 ఫిబ్రవరి 2000

కేశవా,

హాస్యం వద్దన్నావు. ఈ సదస్సు సంగతి మాత్రం రాయాలి, లేకపోతే తర్వాత రాసేది నీకు అర్థం కాదు.

మూడు రోజులు టీ డ్రమ్ము పక్కన నిలబడి విన్నాను. ఓటరు బుర్రతో ఆలోచిస్తాడా, భయంతో ఆలోచిస్తాడా, పక్కింటివాడి మీద కుళ్ళుతో ఆలోచిస్తాడా అని పటాలు గీసి చూపించారు. ఒకాయన ఓటేసే ముందు మనిషి రెప్పలు ఎన్నిసార్లు కొట్టుకుంటాయో లెక్కపెట్టాడు. దానికి ఆరేళ్ళు పట్టిందట. మన వైపు ఆ ఆరేళ్ళలో రెండు ప్రభుత్వాలు పడిపోతాయి. నాకు సగం ఇంగ్లీషు అర్థం కాలేదు. అర్థమైన సగం నేను ఇరవయ్యేళ్ళు చేసిన పనే.

మొదటిరోజు నావల్ల ఒక ఘనకార్యం జరిగింది. హెలెన్ అని ఒక పెద్ద ప్రొఫెసరమ్మ మాట్లాడుతోంది. నెరిసిన జుట్టు, మగవాళ్ళ బూట్లు, నాకు రోజూ గుడ్ మార్నింగ్ చెప్పే ఒకే ఒక్క మనిషి. మాట మధ్యలో ఆపి, నీళ్ళ గ్లాసు ఎత్తింది. నా చేతులు వాటంతట అవే లేచి చప్పట్లు కొట్టేశాయి. అలవాటు చెడ్డది. వెంటనే రెండువందల పదిమంది పండితులు చప్పట్లు. ఒకాయన లేచి నిలబడి మరీ కొట్టాడు. ఆమె గ్లాసు దించి, "నేనింకా వాక్యం పూర్తి చెయ్యలేదు" అంది. హాలంతా తిరిగి నావైపు చూసింది. నేను డ్రమ్ము వైపు చూశాను.

ఆ సాయంత్రం ఆమె నన్ను పిలిచింది. తిడుతుందనుకున్నా. "రేపు పదకొండింటికి ట్రే పట్టుకుని ఈ తలుపులోంచి ఆ తలుపులోకి పరిగెత్తు. ఎవరు పిలిచినా ఆగొద్దు" అంది. యూనిఫారం బూడిదరంగు చొక్కా, పైన నా బట్టతల. పరిగెత్తాను. ఆగితే కప్పులు పడతాయి, ఆగకపోయినా పడ్డాయి.

అంతా సద్దుమణిగాక, ముందు వరసలో కూర్చున్న ఆమె స్టూడెంటు పైకే అన్నది: "ఎర్ర టోపీ ఒంకరగా పెట్టుకున్నాడు, చూశారా?" అంతే. తర్వాత అందరికీ కాగితాలిచ్చి, పరిగెత్తిన మనిషి ఎట్లా ఉన్నాడో రాయమన్నారు. సగంమందికి పైగా ఎర్ర టోపీ అని రాశారు. ఒకాయన టోపీ ముందు తెల్ల చార ఉందన్నాడు. ఆయనకే టీ పోస్తూ "అది నేనే సార్" అంటే, "నో మేట్, ఆయనకి రెడ్ క్యాప్ ఉంది" అని నాకే చెప్పాడు.

హెలెనమ్మ అప్పుడు ఒక మాట చెప్పింది. గుంపులో మొదట ఎవడు గట్టిగా చెబితే వాడిదే చూపు. అయితే ఉత్తినే చెబితే చాలదు, ఒక చిన్న వివరం అతికించాలి. టోపీ అంటే చాలదు, ఒంకర టోపీ అనాలి. మిగతావాళ్ళు అబద్ధం చెప్పరు. వాళ్ళకి నిజంగానే కనబడుతుంది. ఎన్నికల ఊరేగింపుల్లో, అల్లర్లలో ఇదే జరుగుతుందట.

ఇక అసలు సంగతి, వేరే కాగితం మీద రాస్తున్నాను.

నాకు జ్ఞాపకం వచ్చింది. ఆ రోజు నా ఎడంపక్కన, సుబ్బుకి రెండు మూరల వెనక ఒక మనిషి ఉన్నాడు. పచ్చ చొక్కా. ముదురు పచ్చ, జేబు దగ్గర కొద్దిగా వెలిసింది. మన ఊరివాడు కాదు. నాయకుడు గ్లాసు ఎత్తగానే "కుండకే" అన్నది వాడే. తర్వాత ఎడంకాలు ఈడుస్తూ గుంజ వెనకనుంచి వెళ్ళిపోయాడు.

ఇదే ఇంగ్లీషులో రాయించి, సంతకం పెట్టి, ముద్ర వేయించి దీనితో పంపుతున్నా. సుబ్బుకి నా దీవెనలు.

పాషా


నడిమిపాలెం
9 ఏప్రిల్ 2000

పాషా,

సుబ్బు ఇంటికొచ్చాడు. శ్యామసుందరి వాడికి తల రుద్ది నీళ్ళు పోసింది. నీ కాగితం రావటంతోటే వకీలు ఊళ్ళో నలుగురి దగ్గర పచ్చ చొక్కా మాట ఎత్తాడు. వారంలో పద్నాలుగుమంది ముందుకొచ్చారు. అందరూ చూశారు. అంగడి శాంతి అయితే వాడు తన దగ్గర సోడా తాగాడనీ, కాలు నొప్పిగా ఉందన్నాడనీ చెప్పింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదంది. మార్చి పదమూడున సుబ్బు పేరు కేసులోంచి తీసేశారు.

పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్దామని బయల్దేరేలోగా సాజిద్ దగ్గర్నుంచి ఈమెయిలు వచ్చింది. గుంటూరులో ఇంటర్నెట్ సెంటర్లో చూశాము. ఆ చోటు ఇప్పుడు లేదట. కంపెనీవాళ్ళు ఉన్నవాళ్ళనే తీసేస్తున్నారట. సుబ్బు చదివి, సెంటరువాడికి డబ్బులిచ్చి లేచాడు. తర్వాత బస్సులో, "పోన్లే అన్నయ్యా, నేర్చుకున్న కంప్యూటరు భాషకి కూడా కాలం చెల్లింది" అన్నాడు. అదైనా ఫరవాలేదు. ఇంట్లో ఉన్నాడు, కళ్ళముందు ఉన్నాడు.

ఇంకొకటి. నిన్న పోలీసులు కొండపాలెంలో ఒకణ్ణి పట్టుకున్నారు. శేషగిరి. సైకిళ్ళు బాగుచేస్తాడు. పోలియో వల్ల ఎడంకాలు ఈడుస్తాడు. ఆ రోజు మీటింగుకి వచ్చిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. వాడి ఫోటో పంపుతున్నాను. వాడేనని ఒక్క ముక్క రాస్తే కేసు తెమిలిపోతుందట.

కేశవరావు


పెండిల్ హిల్, సిడ్నీ
14 మే 2000

కేశవా,

ఫోటో సరిగా లేదు. మొహం మీద వెలుతురు పడింది. నేను చూసినవాడి కాలు ఎడమో కుడో ఇప్పుడు గట్టిగా చెప్పలేను. వాడు అని రాయలేను, కాదు అనీ రాయలేను. శేషగిరి మంచివాడేనా? పిల్లలున్నారా? మన ఊళ్ళో సైకిల్ షాపువాళ్ళు పచ్చ చొక్కా వేసుకోరు, గ్రీజు మరకలు కనబడతాయి, నల్లదే వేసుకుంటారు. ఇది వకీలుకి చెప్పు. ఇదొక పాయింటు అవుతుంది కదా.

సాజిద్‌ని తీసేశారు. ఇప్పుడు ఇంట్లో మూడు గదులు, నలుగురం, ఎవరూ మాట్లాడం. నేను చెత్తడబ్బా పెట్టే వేళకి వాడూ బయటికొచ్చి నిలబడతాడు, ఇద్దరం దాని చక్రాలు చూస్తాం. ఎదురింటి ముసలాయన మాకిద్దరికీ చెయ్యి ఊపుతున్నాడు, అంత బాగా నేర్చుకున్నాం.

నిన్న హెలెనమ్మ హాల్లో ఒక్కతే కూర్చుని కాగితాలు సర్దుకుంటుంటే టీ తీసుకెళ్ళాను. నా ఇంగ్లీషు నీకు తెలుసు. "మేడం, ఎర్ర టోపీ మనిషి ఏమయ్యాడు?" అన్నాను. "దేర్ ఈజ్ నో రెడ్ క్యాప్ మ్యాన్, మహబూబ్. అది నువ్వే కదా" అని నవ్వింది. "ఎర్ర టోపీ ఉన్న ఒకణ్ణి పోలీసులు పట్టుకుంటే?" అన్నాను. నవ్వు ఆపి కప్పు కింద పెట్టింది. "అప్పుడు ఆ సాక్షులకి నిజం చెబితే సరిపోతుందా?" అన్నాను. "లేదు. అది మేం కొలిచాం. సగంమంది ఇంకా గట్టిగా చూశామంటారు" అంది. ఎందుకు అడుగుతున్నావంది. ఊరికే అన్నాను.

కప్పు అక్కడే వదిలేసి వచ్చాను.

పాషా


నడిమిపాలెం
23 జూలై 2000

పాషా,

నువ్వు వాడు అనకపోయినా పద్నాలుగుమంది వాడేనన్నారు. ఫోటో చూసి కాదు, మనిషిని ఎదురుగా నిలబెడితే. శాంతి ఏడ్చేసింది కూడా, పాపం సోడా తాగి వెళ్ళినవాడు ఇంత పని చేశాడా అని.

శేషగిరి భార్య పేరు కళావతి. రోజూ కొండపాలెం నుంచి నడిచి మా ఇంటికొస్తుంది. అరుగు మీద కూర్చోదు, మెట్టు కింద నిలబడుతుంది. తిట్టదు. ఒక్కటే మాట. "అయ్యగారూ, మా ఆయనకి పచ్చ చొక్కా లేదండి. ఉన్నవి మూడండి. తెచ్చి చూపించమంటారా?" ఒకరోజు తెచ్చింది. రెండు తెల్లవి, ఒకటి నీలం. మా అరుగు మీద పరిచి వెళ్ళిపోయింది. శ్యామసుందరి మడతపెట్టి దాచింది, ఏం చెయ్యాలో తెలియక.

అది సుబ్బు చూశాడు. మర్నాడు పొద్దున స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, బజారుకెళ్ళొస్తానన్నాడు. స్టేషన్‌కి వెళ్ళాడు. పచ్చ చొక్కా మనిషి లేడు, కేక వేసింది నేనే, ఆయన్ని వదిలెయ్యండి అన్నాడు.

వాణ్ణి మళ్ళీ లోపల వేశారు. శేషగిరిని మాత్రం వదల్లేదు. పద్నాలుగుమంది చూసినవాణ్ణి ఎట్లా వదులుతామన్నారు. ఇద్దరూ కలిసి చేశారని రాసుకున్నారు. ఇప్పుడిద్దరూ ఒకే గదిలో ఉన్నారు. సుబ్బు శేషగిరి కాలికి నూనె రాస్తున్నాడని వార్డరు చెప్పాడు.

నేను శాంతి దగ్గరికి వెళ్ళి, ఎవరూ సోడా తాగలేదేమో జ్ఞాపకం చేసుకో అమ్మా అన్నాను. "మాస్టారూ, మీరు పిల్లలకి పాఠం చెప్పేవారు, నన్ను అబద్ధం చెప్పమంటారా?" అంది. తలుపు వేసుకుంది.

ములాఖత్‌లో సుబ్బుని అడిగాను. నువ్వు అరిచావా? అరిచానన్నాడు. నా మొహం వంక చూసి చెప్పాడు ఈసారి. వాడు లేనిది చెప్పేటప్పుడు మొహం వంక చూస్తాడు, ఉన్నది దాచేటప్పుడు తల దించుకుంటాడు, చిన్నప్పటినుంచీ అంతే. అయితే అంతకుముందు తెలీదన్నాడే, తల దించుకుని, ఆ మాట ఏమిటో నేను ఆలోచించలేదు. ఆలోచించటం ఇష్టంలేక ఆలోచించలేదు.

నాదీ ఒకటి చెప్పాలి. నీ ఫిబ్రవరి ఉత్తరంలో ఎర్ర టోపీ ఉన్న కాగితం అయిపోగానే పచ్చ చొక్కా కాగితం ఉంది. ఒకదాని వెంట ఒకటి చదివాను. ఇరవయ్యేళ్ళుగా పిల్లల కాపీలు పట్టుకునేవాణ్ణి. నేను మొదటి కాగితం తీసి పెట్టెలో పెట్టి, రెండోదే వకీలుకి ఇచ్చాను.

నిన్నేమీ అడగను. ఒక్కటి రాయి చాలు. ఆ పచ్చ చొక్కా మనిషిని నువ్వు చూశావని మళ్ళీ ఒకసారి రాయి. కోర్టుకి వద్దు, నాకు. కళావతి వచ్చినప్పుడు నేను ఇంట్లోంచి బయటికి రావాలి కదా.

కేశవ


పెండిల్ హిల్, సిడ్నీ
17 సెప్టెంబరు 2000

కేశవా,

ఇక్కడ ఒలింపిక్స్ జరుగుతున్నాయి. ఊరంతా జెండాలు. మా యూనికి సెలవులిచ్చారు. ఎక్కడ చూసినా ఎవరో ఒకరు మొదట అరుస్తున్నారు, మిగతావాళ్ళు అందుకుంటున్నారు. నేను కిటికీలు మూసుకుని ఇది రాస్తున్నాను. ఏడువారాలయింది నీ ఉత్తరం వచ్చి. ఇది పదకొండో కాగితం, మిగతా పదీ చక్రాలు ఇంటివైపు పెట్టి బయట పెట్టేశాను.

ఆ రోజు నా గొంతు బాగానే ఉంది.

ఇరవయ్యేళ్ళు అరిచాను రా. పొద్దున గొడుగు, సాయంత్రం కుండ. ఏది అరిస్తే అది అన్నారు. ఒక్కడైనా ఒక్కసారైనా నోరు మూసుకుని ఉంటాడేమో చూద్దామని నాకు ఎప్పటినుంచో ఒక దురద. వారంలో ఊరు వదిలి పోతున్నాను కదా, ఇదే ఆఖరి మీటింగు. గొంతు పోయిందని ఊరంతా తెలిసేట్టు రెండ్రోజులు సైగలు చేశాను. సుబ్బుని పక్కన నిలబెట్టుకున్నాను. వాడు అరవటానికి నోరు తెరిచేలోగా మఫ్లర్ నోటిమీదికి లాక్కుని "కుండకే" అన్నాను.

ఒక్కడూ ఆగలేదు. మూడువేల మంది. నాయకుడి నోట్లో నీళ్ళు అట్లాగే ఉన్నాయి, మింగలేదు, ఉమ్మలేదు. గుంజ మీద ఉన్న వాసుదేవరావు నావైపు చూసి నవ్వాడు. వాడికి తెలిసింది. ఎన్ని వందల మీటింగుల్లో నా గొంతు మోశాయి వాడి హారన్లు, ఆ మాత్రం తెలియదా. సుబ్బు కూడా నావైపు చూశాడు. వాడు నవ్వలేదు.

నీకు తెలిసినదే రాస్తున్నాను. తెలిసి కూడా అడిగావు, ఆ పచ్చ చొక్కా మనిషిని చూశానని రాయమని. నా జన్మలో నన్ను ఎవరూ అబద్ధం చెప్పమని బతిమాలలేదు, నేనే అడక్కుండా చెప్పేవాణ్ణి. నువ్వు బతిమాలితే చెప్పలేకపోతున్నాను.

ఇదంతా మళ్ళీ ఇంగ్లీషులో రాయించి ముద్ర వేయించాను. దీనితో ఉంది. కాన్సులేట్‌లో గుమస్తా నా పాత కాగితం నకలు, ఈ కాగితం రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఇందులో ఏది నిజమని కోర్టు అనుకోవాలి?" అన్నాడు. మర్యాదగానే అడిగాడు. వకీలుకి ఫోన్ చేశాను. స్నేహితుడి తమ్ముడి కోసం సముద్రాల అవతల కూర్చుని నిందంతా నెత్తిన వేసుకున్నాడంటారు, నీ మాట ఎవరు నమ్ముతారండి అన్నాడు. నేనొచ్చి నిలబడతానన్నాను. వస్తే మూడో ముద్దాయి అవుతారు, మొదటి ఇద్దరూ ఎక్కడివాళ్ళక్కడే ఉంటారు, పద్నాలుగుమంది ఉన్నారు కదా అన్నాడు. అయినా టిక్కెట్టు కొనమని ఫరహ్‌కి చెప్పాను. ఎందుకబ్బా అంది. జుబేదాకి చెప్పాను. విని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నా మఫ్లర్ పెట్టెలోంచి తీసి చెత్తడబ్బాలో వేసింది.

కళావతి వస్తే లోపల దాక్కోకు. ఇది ఆమెకి చదివి వినిపించు. ఆ మూడు చొక్కాలూ తిరిగి ఇచ్చెయ్యి.

ఫిబ్రవరిలో ఆ కాగితం రాసిన పొద్దున ఏం పెట్టాలో తోచక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నా మోకాలు వాచి ఉంది, ట్రే పట్టుకుని పరిగెత్తినందుకు, ఎడంకాలు. పెరట్లో తీగమీద సాజిద్ చొక్కా ఆరేసి ఉంది. ముదురు పచ్చ, జేబు దగ్గర కొద్దిగా వెలిసింది. అందులో మనిషి లేడు.

పాషా